పచ్చ కంచె
(పెన్షనర్ల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి చెప్పవలసినవారు చెప్పారు. నా వంతుకు కంచె మిగిలింది. నవ్వకండి. మనలో చాలామందికి సర్వీసంతా చేసి మిగిలిన ఆస్తి నాలుగైదు సెంట్ల స్థలం, అందులో ఒక ఇల్లు. ప్రహరీ కట్టిద్దామంటే గ్రాట్యుటీ కరిగిపోతుంది. తాటాకు దడి కట్టిద్దామంటే కట్టే మనిషి దొరకడు, దొరికినా రెండేళ్ళకు మళ్ళీ కట్టాలి. కనుక మొక్కల కంచే మనకు గతి.

అందరూ ముందుగా అడిగేది "త్వరగా పెరిగేది ఏదండీ?" అని. నర్సరీకి వెళితే కోనోకార్పస్ చూపిస్తారు. ఉప్పునీటికి ఓర్చుకుంటుంది, చూస్తుండగానే మనిషి ఎత్తు దాటుతుంది. కొల్లేటి పక్కన బోర్లు ఉప్పగా ఉండే మనకు అది నచ్చడం సహజమే. కాని దాని వేళ్ళు నీటి గొట్టాలలో, మురుగు కాలువలలో దూరుతున్నాయని, పుప్పొడి వలన ఉబ్బసం వారికి ఇబ్బంది అని ఫిర్యాదులు వచ్చి, గుజరాత్ ప్రభుత్వం 2023లోను, తమిళనాడు ప్రభుత్వం 2025లోను ఆ మొక్క నాటవద్దని ఉత్తర్వులిచ్చాయి. పుప్పొడి సంగతిపై ఇంకా వాదోపవాదాలున్నాయి. వేళ్ళ సంగతి మాత్రం మనం ఆలోచించాలి. కంచెకు నాలుగడుగుల దూరంలో సెప్టిక్ ట్యాంకు పెట్టుకున్న ఇళ్ళు మనవి.

తొందరగా పెరిగేవాటితో మన రాష్ట్రానికి పాత అనుభవమే ఉంది. సర్కారు తుమ్మ విత్తనాలు 1877లో జమైకా నుంచి తెప్పించి కడప ప్రాంతంలో వేశారు. ఇప్పుడు దానిని వదిలించుకోలేక ఎన్ని ఊళ్ళు అవస్థ పడుతున్నాయో మీకు తెలియనిది కాదు.

కంచెకు ఒక ప్రభుత్వ శాఖే ఉండేదంటే మీరు నమ్ముతారా? ఉప్పు పన్ను ఎగవేయకుండా ఆపడానికి తెల్లదొరలు సింధునది నుంచి మహానది వరకు 2,300 మైళ్ళ సుంకాల సరిహద్దు పెట్టారు. అందులో చాలా భాగం రేగు, తుమ్మ, వాక, నాగజెముడు వంటి ముళ్ళ కంచె. కాపలాకు సుమారు 12,000 మంది. తరువాత కాంగ్రెస్ స్థాపకులలో ఒకరైన హ్యూమ్ దొర 1867 నుంచి 1870 వరకు దాని కమిషనరు. 1879లో ఎత్తివేశారు. అంతమంది పెన్షను కాగితాలు ఏ గుమాస్తా రాశాడో పాపం!

మన పెరటికి నేను చెప్పేది గోరింట, వావిలి, అడ్డసరం. వావిలి కాలువ గట్లమీద దానంతటదే పెరుగుతుంది, కొమ్మ గుచ్చితే చాలు. అడ్డసరం, వావిలి మేకలు ముట్టవు. వావిలాకు కాచిన నీళ్ళు కీళ్ళనొప్పుల వారికి హాయి. గోరింట ఉంటే ఆషాఢంలో వీధిలోని ఆడపిల్లలంతా మీ ఇంటికే వస్తారు. గన్నేరు, డురాంటా అందంగానే ఉంటాయి గాని గన్నేరు నిలువెల్లా విషం, డురాంటా కాయలూ విషమే. మనవలు తిరిగే ఇంట్లో వద్దు.

గోరింట గింజలు నాటేవారు పదిరోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టాలి. కొమ్మలైతే పెన్సిలు లావువి, జానెడున్నర పొడుగువి చాలు. మెట్ట ప్రాంతాల్లో గొయ్యి తీసి నాటుతారు. మన ఆకివీడు బంకమన్నులో గొయ్యి తీస్తే వానలకు నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది. కనుక అడుగెత్తు గట్టు వేసి, పేడ ఎరువు, కాస్త ఇసుక కలిపి, దానిమీద నాటాలి. అడుగుకొకటి చొప్పున రెండు వరుసలు, ఒక వరుస సందుకు ఎదురుగా రెండో వరుస మొక్క రావాలి. తొలకరిలో నాటితే వేసవిలో కాలువలు కట్టేసేనాటికి వేరు దిగుతుంది. ఆ మొదటి వేసవిలో బోరు నీరు పోయకుండా, బియ్యం కడిగిన నీళ్ళు, కుళాయి నీళ్ళు పోసి కాపాడండి.

అసలు కష్టం కత్తిరించడం. అడుగున్నర పెరగగానే సగానికి కొయ్యండి. మనసొప్పదు, అయినా కొయ్యాలి. లేకపోతే పైన గుబురుగా ఉండి కింద కుక్కలు దూరేంత సందు మిగులుతుంది. అడుగున వెడల్పు, పైన సన్నం ఉంటే కింది ఆకుకు ఎండ తగులుతుంది. ఎత్తు నాలుగడుగులు మించనివ్వకండి. ఈ వయసులో స్టూలెక్కి కత్తిరించే సాహసం మనకెందుకు? మొదట్లో రాలిన ఆకు ఊడ్చేయండి, పాములు చేరతాయి.

ఇక గుమాస్తాగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. మొక్క సరిహద్దు మీద నాటకండి. సర్వే రాళ్ళు చూసుకుని, మీ వైపు రెండడుగులు లోపలికి నాటండి. మీ స్థలంలో నుంచే కత్తిరించుకోవచ్చు. పొరుగువాడి కంచె మీ స్థలంలోకి అడుగు జరిగిందనుకోండి, మొహమాటపడి ఊరుకోకండి. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం పన్నెండేళ్ళు బహిరంగంగా, ఎదురులేకుండా అనుభవిస్తే ఆ స్థలం తనదేనని వాదించే వీలుంది. మనం పోయాక పిల్లలు హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి వచ్చి ఆ అడుగు కోసం కోర్టుకు తిరగాలా? ఇప్పుడే ఇద్దరూ కలిసి కొలిపించుకుని, ఒక కాగితం రాసుకుని, రాళ్ళు కనబడేలా చుట్టూ మొక్క లేకుండా ఉంచండి.

గోరింట, వావిలి కొమ్మలు మా పెరట్లో ఉన్నాయి. కావలసినవారు తొలకరి పడగానే రండి. సంచీ మీరే తెచ్చుకోండి.