ఒంటి బరువు - ఇంటి బరువు

(పానగల్లులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఊరి చెరువుకట్ట మీదుగా వచ్చునపుడు మాకొక ఆలోచన తోచినది. ఉదయ సముద్రమును కందూరు చోడులు కట్టించిరి. పానగల్లు వారి రాజధాని. ఆ కాలమున మట్టి తోడు యంత్రములు లేవు. పారతో త్రవ్వి, గంపల కెత్తి, నెత్తిమీద మోసి కట్ట పోసిరి. ఛాయా సోమేశ్వరాలయములో పగలంతయు చెదరక నిలుచు నీడను చూచుటకు దూరప్రాంతముల నుండి జనులు వచ్చుచున్నారు. ఆ నీడనిచ్చు కంబములను మోసి నిలిపినవియు మనుష్యుల భుజములే. నేడు అదే చెరువులోనికి కృష్ణ నీరు వచ్చుచున్నది. పుట్టంగండి వద్ద యంత్రములు నీటిని పైకెత్తగా, అక్కంపల్లి మీదుగా కాలువ వెంట అది ఇంత దూరము సాగి వచ్చుచున్నది. మిక్కిలి సంతోషింపదగిన సంగతి. మనిషి మోయవలసిన బరువును యంత్రము మోయుట మేలే. అయితే అట్లు దింపుకొన్న బరువులో కొంత, మనకు తెలియకుండగనే, మన ఒంటిమీదికి ఎక్కి కూర్చున్నది. నేడు మేము చెప్పదలచినది దానిని గూర్చియే.

వానల మీద ఆధారపడిన ఈ నల్లగొండ, పాలమూరు మెట్ట సీమలలో బక్కతనమే భయము. కరవు వచ్చిన యేట ముందుగా చిక్కిపోవునవి చెంపలు. పనికై వలసపోయి తిరిగివచ్చిన కొడుకును తల్లి మొదట చూచునది ఒళ్ళే. "కొంచెము ఒళ్ళు చేసినావు" అన్న మాట మన యిండ్లలో దీవెన. పొట్ట ముందుకు వచ్చిన మనిషిని చూచి కలిగినవాడనుకొనుట ఇంకను పోలేదు. ఈ భావమును మేము ఎగతాళి చేయము. ఆకలి నెరిగిన జాతి అట్లే తలచును. కాని కాలము మారినది. ఆ కొలత మాత్రము మారలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో జరిగినపుడు తెలంగాణలో నూటికి 24 మంది పురుషులు అధిక బరువుతో ఉండిరి. 2019-21 నాటి సర్వేలో వారి సంఖ్య నూటికి 32. స్త్రీలలో నూటికి 30 మంది అట్టివారు. గ్రామములకన్న పట్టణములలో ఈ లెక్క ఎక్కువయే. కాని పానగల్లునకు నల్లగొండ పట్టణ మెంత దూరము? ఇంకొక విశేషము కలదు. అదే సర్వేలో దాదాపు 19 మంది స్త్రీలు ఉండవలసినదానికన్న తక్కువ బరువున్నారు. అనగా ఒకే వాడలో, ఒక్కొక్కచోట ఒకే యింటిలో, అత్తగారికి ఒళ్ళెక్కువ, కోడలికి రక్తము తక్కువ. బియ్యపు బస్తా ఒక్కటే, పొయ్యి ఒక్కటే. ఇరువురకును కావలసినది పప్పు, కూర, మజ్జిగ, పండు. ఇరువురకును కడుపునిండ దొరకుచున్నది అన్నము.

ఈ మార్పు ఎట్లు వచ్చినది? పని తగ్గినది, పళ్ళెము తగ్గలేదు. మోట కొట్టుట పోయి మోటారు వచ్చినది. రోలు, రోకలి, తిరుగలి అటకెక్కినవి. నాగలి స్థానమున ట్రాక్టరు, కొడవలి స్థానమున కోతయంత్రము. నల్లగొండ బజారునకు నడచినవారు ఇప్పుడు ఇంటి ముంగిటనే బండి యెక్కుచున్నారు. వీనిలో ఏదియు తప్పు కాదు. నడుము విరుగు చాకిరిని తిరిగి తెచ్చుకొమ్మని చెప్పుటకు మేము రాలేదు. అయితే మోట కొట్టిన తాతకు ఎంత అన్నము అవసరమో, స్విచ్చి వేయు మనుమనికి అంత అన్నము అవసరము లేదుగదా.

అన్నము మాట వచ్చినది గనుక ఇంకొక మాట. కిలో రెండు రూపాయల బియ్యము 1983లో వచ్చినప్పటి నుండి పేద యింటి పొయ్యి ఆరలేదు; ఆ మేలును మరువరాదు. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో సన్న బియ్యపు పంపిణీ ప్రారంభమైనది. మనిషికి నెలకు ఆరు కిలోలు, అనగా దినమునకు 200 గ్రాములు. అది యెక్కువ కాదు. చిక్కంతయు, పళ్ళెములో దానికి తోడు వచ్చునది కొంచెమే అగుటలో, తోడు రాదగనిది ఎక్కువగుటలో ఉన్నది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర తెలిసినచో మీకు వింతగా తోచును. బెరిబెరి యను వ్యాధిని పరిశోధించుటకు 1918లో కూనూరులో మెకారిసన్ యను వైద్యుడు ఒక్క గదిలో దానిని ప్రారంభించెను. బెరిబెరి తిండిలోని లోటు వలన వచ్చు వ్యాధి. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. లోటును వెదకుటకు పుట్టిన ఆ సంస్థయే 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో నూనె తగ్గింపుడు, చక్కెర తగ్గింపుడు, ఉప్పు తగ్గింపుడు అని చెప్పవలసి వచ్చినది. దినమునకు 2,000 కాలరీలు చాలునట్టి మనిషికి వారు చూపిన పళ్ళెములో ధాన్యము 250 గ్రాములు, పప్పు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు. మన పళ్ళెమును దీనితో సరిపోల్చి చూడుడు. కూరగాయలు 400 గ్రాములనగా నవ్వు వచ్చును. మనయింట కూర యనగా అన్నములో కలుపుకొనుటకు ఒక గరిటెడు.

చాయ సంగతి వేరుగా చెప్పవలెను. ఉదయము ఒకటి, పనికి పోవునపుడు ఒకటి, చుట్టము వచ్చినచో ఒకటి, సాయంకాల మొకటి. కప్పునకు రెండు చెంచాల చక్కెర చొప్పున నాలుగు చాయలకు 40 గ్రాములు. పైని చెప్పిన సంస్థ దినమంతటికి 25 గ్రాములు దాటవలదనుచున్నది. ఈ 40 గ్రాముల చక్కెర 160 కాలరీలు. దానిని కరగించుటకు అరువది కిలోల మనిషి ముప్పావుగంట వడిగా నడువవలెను. చాయ మానుమని మేము చెప్పినచో ఈ సభలో ఎవ్వరును మిగులరు. చెంచా ఒకటి తగ్గింపుడు. రెండు వారములలో నాలుక అలవాటుపడును.

జొన్నరొట్టె తిన్నచో ఒళ్ళు తగ్గునని ఇప్పుడు పట్టణములలో పెద్ద ప్రచారము. మన పాత తిండికి గౌరవము వచ్చినందుకు సంతోషమే. కాని నిజము చెప్పవలెను. నూరు గ్రాముల జొన్నలలో సుమారు 334 కాలరీలు, అంతే బియ్యములో సుమారు 356. భేదము స్వల్పము. జొన్నలో పీచు పది గ్రాములు, తెల్ల బియ్యములో మూడైనను లేదు. అందుచేత రొట్టె తిన్న కడుపు త్వరగా నిండును, చాలసేపు నిలుచును. ఆ మేలు గొప్పదే. అయితే కడుపునిండ అన్నము తిని, పైన మందుగా రెండు రొట్టెలు తినినచో బరువు పెరుగునే గాని తగ్గదు.

"మా వాడు సన్ననివాడే, వానికి షుగరేమిటి?" అని పలువురు మమ్ము అడుగుదురు. పుణే నగరమున డాక్టర్ యాజ్ఞిక్ గారును, వారి తోడి వైద్యులును ఆ చుట్టుపట్ల గ్రామములలో పుట్టిన బిడ్డలను తూచి, ఇంగ్లండులోని సౌతాంప్టనులో పుట్టిన తెల్లవారి బిడ్డలతో పోల్చిరి. మన బిడ్డలు సగటున 2.7 కిలోలు, వారు 3.5 కిలోలు. ఇంత చిన్న బిడ్డలలోను కండ తగ్గినదిగాని చర్మము క్రింది కొవ్వు అంతగా తగ్గలేదు. చూపునకు సన్నము, లోపల కొవ్వు. అందుచేతనే మన దేశపు వైద్యులు మనకు హద్దును తగ్గించిరి. అయిదడుగుల మూడంగుళముల, అనగా 160 సెంటీమీటర్ల ఎత్తు గలవారు 59 కిలోలు దాటినచో జాగ్రత్త పడవలెను. 64 దాటినచో దానిని స్థూలకాయముగనే యెంచవలెను. తూకముకన్న నడుము చుట్టుకొలత మేలైన సాక్షి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటరాదు. కాళ్ళు చేతులు పుల్లలవలె నుండి పొట్ట మాత్రము పెరిగినవారు, ఒళ్ళంతయు సమముగ నున్నవారికన్న ఎక్కువ జాగ్రత్త పడవలసినవారు.

అధిక బరువు వలన మధుమేహము, రక్తపు పోటు, గుండెజబ్బు వచ్చునని మీరు వినియేయున్నారు. వానికన్న ముందుగా ఇంటిలో కనబడు కష్టములు కొన్ని కలవు. వానిని ఎవ్వరును జబ్బులుగా లెక్కింపరు. నేలమీద కూర్చున్నవారు చేయి ఊతము లేక లేవలేరు. నాటు వేయుటకు వంగలేరు. బస్సు మెట్టు ఎక్కునపుడు ఆయాసము. రాత్రి గురక, గురక నడుమ ఊపిరి ఆగి ఉలికిపడి లేచుట, పగలు కూర్చున్నచోటనే కునుకు. గురకను గాఢనిద్రకు గుర్తుగా తలచుట పొరపాటు. ఊపిరి ఆగి ఆగి వచ్చుచున్నచో తప్పక వైద్యునికి చూపవలెను.

మోకాళ్ళ నొప్పిని గూర్చి ఈ జిల్లాలో మాటలాడుట కష్టము. నల్లగొండలో కీళ్ళు పట్టుకొన్నచో అందరి చూపును నీటి మీదికే పోవును. ఫ్లోరైడు నీరు ఎన్ని గ్రామముల నడుములు వంచినదో మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ బాధ పడినవారి మోకాలికి, వెన్నునకు వైద్యుని పరీక్ష వేరుగా కావలెను. అయితే నేటి ప్రతి మోకాలి నొప్పికిని నీరే కారణము కాదు. 2005లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మోకీలు అరిగిన స్థూలకాయులు ఒక కిలో తగ్గినచో నడకలో అడుగడుగునకు మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గినట్లు తేలినది. దినమునకు వేయి అడుగులు వేసినను ఆ లెక్క ఎంతయగునో ఆలోచింపుడు. నీటిని నిందించి ఊరకుండుట సులభము. ఈ నాలుగు కిలోలు మాత్రము మన చేతిలో ఉన్నవి.

అమ్మలు తరచుగా చెప్పు మాట ఒకటి కలదు: "పిల్లలు కాకుండ ఆపరేషను చేయించుకొన్నప్పటి నుండి ఒళ్ళు వచ్చినది." ఆ శస్త్రచికిత్సలో అండనాళములను మాత్రమే మూసివేయుదురు. అండాశయములు చెక్కుచెదరవు, శరీరములోని రసములు మారవు. ఒళ్ళు వచ్చుటకు కారణము ఆ కత్తి కాదు. కాన్పు తరువాతి నెయ్యి, నెలల తరబడి విశ్రాంతి, బిడ్డ విడిచిన ముద్ద పారవేయలేక తాను తినుట, తనకై ఒక గంటయైనను లేకపోవుట కారణములు. ఈ చివరిదానికి మందు దుకాణములో దొరకదు. ఇంటిలోని మగవారు ఇయ్యవలెను.

మరి చేయవలసిన దేమి? చెన్నపట్టణమున డాక్టర్ రామచంద్రన్ గారు, మధుమేహపు అంచున ఉన్నవారిని మూడేండ్లు పరీక్షించి 2006లో ఫలితములను ప్రకటించిరి. మామూలు సలహా పొందినవారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చినది. నడక, తిండి మార్చుకొన్నవారిలో 39 మందికే వచ్చినది. ఇందు గమనింపదగినదేమన, రెండవవారి బరువు పెద్దగా తగ్గనేలేదు. కావున నెల నడచి, తూకపు ముల్లు కదలలేదని విసుగుచెంది మానుకొనువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ముల్లు కదలకున్నను లోపల మేలు జరుగుచునే యుండును.

మీకు నడచుటకు చోటు వెదకుకొనవలసిన పని లేదు. చెరువుకట్ట కలదు, గుడి త్రోవ కలదు. మగవారు నడచిన "ఆరోగ్యము" అందురు. ఆడవారు నడచిన "పని లేదా?" అందురు. పొలములో దినమంతయు వంగి పనిచేసిన స్త్రీకి ఈ నడక అక్కరలేకపోవచ్చును. పొలము విడిచి కుట్టుమిషను ముందో, దుకాణములోనో, టీవీ ముందో కూర్చున్నవారికి తప్పదు. ఒంటరిగా నడచుటకు సిగ్గుపడువారు నలుగురు కలిసి నడువుడు. బతుకమ్మ చుట్టు తొమ్మిది దినములు తిరుగుటకు సిగ్గుపడనివారు కట్టమీద నడచుటకు ఏల సిగ్గుపడవలెను? ఆ నలుగురిని చూచి నవ్వువారికి చెప్పుచున్నాము: స్థూలకాయమును చూచి వేళాకోళము చేసినందున ఎవరి బరువును తగ్గలేదు. సిగ్గుతో ఇల్లు కదలనివారు మరింత లావగుదురు.

పొడులు, మాత్రలు, నెలకు పది కిలోలు తగ్గింతుమను ప్రకటనలు నమ్మవలదు. ఉదయము తిండి మాని రాత్రి రెట్టింపు తినుట ఉపవాసము కాదు. గర్భిణులు, బాలింతలు, ఎదుగు పిల్లలు, మధుమేహమునకు మందు వాడువారు తమంతట తాము తిండి తగ్గించుకొనరాదు. తినకున్నను ఒళ్ళు వచ్చుచున్నచో థైరాయిడు పరీక్ష చేయించుకొనవలెను. ముప్పది యేండ్లు దాటిన వారందరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తపు పోటు, చక్కెర చూపించుకొనవలెను. అందుకు ఖర్చు లేదు.

ఇక మేము మాట చాలింతుము. తూకపు యంత్రము, కొలత టేపు ఈ అరుగు మీద సిద్ధముగ నున్నవి. స్త్రీలకు లోపలి గదిలో ఏర్పాటు కలదు. అక్కడ నర్సమ్మ, ఆశా కార్యకర్తయే ఉందురు. ఊపిరి విడిచి, పొట్ట బిగబట్టక నిలువుడు. కొలతను ఎవ్వరును పైకి చదువరు. ఒక చీటీమీద వ్రాసి మీ చేతికే ఇత్తురు. ముందుగా పెద్దవారు రండు.