మెడ ముడతలు – బొటాక్స్ సూదిమందు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పుల మీద ఈ వేదిక నుంచి చాలా ప్రసంగాలు విన్నాం. ఈసారి మెడ ముడతల గురించి అనగానే కొందరు నవ్వారు. నవ్వవలసిన విషయం కాదు. అద్దంలో దవడ కింద వేలాడే చర్మం చూసుకుని నొచ్చుకోవడం తప్పేమీ కాదు. మనవరాలి పెళ్ళిలోగా సూది వేయించుకుంటే ఎలా ఉంటుందని మన ఇళ్ళలోనే అడుగుతున్నారు. అడిగినవారికి సరైన సమాధానం చెప్పాలి కదా!

బొటాక్స్ అన్నది ఒక కంపెనీ మందు పేరు. అసలు పదార్థం బొట్యులినం అనే విషం. 1895లో బెల్జియంలో అంత్యక్రియలకు వచ్చిన వాద్యబృందం వారు ఉప్పులో నిలవ చేసిన పంది మాంసం తిని జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ మాంసంలోనే క్రిమిని పట్టుకున్నాడు. నరం నుంచి కండరానికి అందే కబురును ఈ విషం ఆపేస్తుంది; కబురందని కండరం సడలిపోతుంది. అది శ్వాస కండరాలకు పాకితే ప్రాణాంతకం. అతి స్వల్ప మోతాదులో ఒక్క కండరానికి వేస్తే మందు. అమెరికాలో మెల్లకన్నుకు 1989లో, మెడ ఒక పక్కకు తిరిగిపోయే జబ్బుకు 2000లో, కనుబొమల మధ్య గీతలకు 2002లో, మెడ మీది నిలువు పట్టీలకు 2024లో అనుమతి లభించింది.

అయితే ముడతలన్నీ ఒకటి కావు. మెడ ముందు భాగంలో చర్మం కిందనే ప్లాటిస్మా అనే పలుచని కండరం ఛాతీ పైనుంచి దవడ దాకా పరుచుకుని ఉంటుంది. పళ్ళు బిగించి కింది పెదవిని కిందికి లాగి చూడండి. తాళ్ళలాగా నిలువుగా లేచేవి దాని పట్టీలే. సూదిమందుకు లొంగేవి అవి. వాటి పట్టు సడలితే దవడ గీత కూడా కొంత తేరుకోవచ్చు. మన వయసులో చాలామంది ఇబ్బంది వేరు. చర్మం సాగింది, గడ్డం కింద కొవ్వు చేరింది, పళ్ళు ఊడి దవడ ఎముక తరిగింది. వీటికి ఈ సూది పనిచేయదు. పళ్ళు లేనివారికి ముందు మంచి కట్టుడు పళ్ళు కావాలి. ముఖం కింది భాగానికి ఆసరా అదే.

గుణం కొద్ది రోజుల్లో కనిపించి, సుమారు మూడు నాలుగు నెలలు ఉంటుంది. తరువాత మళ్ళీ వేయించుకోవాలి. పెన్షను మీద ఇదొక వాయిదా అనుకోండి. అందం కోసం చేయించుకున్నదానికి రీయింబర్సుమెంటు ఆశించవద్దు.

నాకు ఎక్కువ భయం కలిగించేది మింగుడు విషయం. మెడలో మింగే కండరాలు పక్కనే ఉంటాయి. మందు అటు పాకితే మింగడం కష్టమవుతుంది, గొంతు మారుతుంది, తల నిలపడం కూడా కష్టం కావచ్చు. ఇప్పటికే మంచినీళ్ళు తాగితే పొలమారేవారికి, పక్షవాతం వచ్చి తేరుకున్నవారికి ఇది చిన్న విషయం కాదు. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోగలదు. మయస్థీనియా వంటి కండరాల జబ్బున్నవారు ముందే చెప్పి తీరాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి చెప్పాలి, సొంతంగా మాత్రలు మానకూడదు. సూది తరువాత మింగుడుపడకపోయినా, ఊపిరి బరువైనా, అది వారాల తరువాతనైనా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

నకిలీ మందు సంగతీ ఉంది. 2024లో అమెరికాలో నకిలీ బొటాక్స్ వల్ల, లేదా అర్హత లేనివారి చేతి సూది వల్ల పలు రాష్ట్రాల్లో జనం జబ్బుపడ్డారు, కొందరు ఆసుపత్రుల్లో చేరారు. కాబట్టి బ్యూటీ పార్లరులో తక్కువ ధర అంటే నమ్మవద్దు. వేసేది డాక్టరేనా, సీలున్న సీసా మీ ఎదుట తెరిచారా, ఏ కంపెనీది, ఎన్ని యూనిట్లు అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఒక కంపెనీ యూనిట్లు మరో కంపెనీ యూనిట్లతో సమానం కావు. జీవితమంతా వోచర్లు, రసీదులు చూసినవాళ్ళం, ఇక్కడ మొహమాటం ఎందుకు?

ఇంకొక్క మాట. పక్షవాతం తరువాత చెయ్యి బిగుసుకుపోయినవారికి నరాల వైద్యులు ఇదే మందు సూచిస్తారు. అప్పుడు అందాల సూది అనుకుని వద్దనకండి.

సందేహాలు భోజన విరామంలో అడగవచ్చు.