దూరసహాయము - తాళపుచెవి యెవరి చేత?



కార్యాలయమున ఒక కంప్యూటరు మొరాయించినచో దానిని బాగుచేయువాడు పూర్వము స్వయముగా రావలసి యుండెడిది. నేడాతడు తన బల్లయొద్దనే కూర్చుండి, దూరమున నున్న యంత్రపు తెరను తన తెరపై చూచుచు, దాని మీటలను తానే నొక్కగలడు. ఈ సౌకర్యము నెల్లరు నెరుగుదురు. నడుమ నున్న మధ్యవర్తి యెవరని మాత్రము పెక్కుమంది విచారింపరు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఆలివెట్టి పరిశోధనాలయమున రూపొందిన 'వి.ఎన్.సి.' అను సాధనము 1998లో సోర్సు కోడుతో సహా లోకమునకు ఉచితముగా నీయబడినది. దాని పద్ధతి మిక్కిలి సరళము. తెరపై మారిన భాగము మాత్రమే ఇటు వచ్చును. మీటల నొక్కుళ్లు, మౌసు కదలికలు అటు పోవును. 1999లో ఆ పరిశోధనాలయము ఎ.టి. అండ్ టి. సంస్థ చేతికి పోయినది; 2002లో మూతపడినది. అయినను సాధనము మూతపడలేదు. సోర్సు కోడు పదుగురి చేతులలో నుండుటచే దాని శాఖోపశాఖలు నేటికిని వాడుకలో నున్నవి.

అయితే నేటి యంత్రములు రౌటరుల చాటున నుండుటచే రెండును నేరుగా కలిసికొనుట కష్టము. వానిని కలుపుటకు ఒక సర్వరు కావలయును. ఆ సర్వరు పరాయి కంపెనీది యైనచో, ఎవరు ఎవరి యంత్రమున ఎప్పుడు ప్రవేశించిరో ఆ కంపెనీకి తెలియును. అది ధర పెంచినను, తలుపు మూసినను చేయునది లేదు. అందుచే కొందరు రస్ట్‌డెస్క్ వంటి సాధనమును తమ సొంత సర్వరుపై నిలుపుకొనుచున్నారు. అందు రెండు ప్రోగ్రాములు కలవు. ఒకటి యంత్రములను పరిచయము చేయును. నేరుగా దారి దొరకనపుడు రెండవది సందేశములను చేరవేయును. వీని సోర్సు కోడు బహిరంగమే. వెలకు దొరకు ప్రతి వేరే కలదు.

ఉచితమనగా శ్రమ లేదని తలచుట పొరపాటు. 2021 జూలై 2న కసేయా సంస్థవారి వి.ఎస్.ఎ. సాధనమున నున్న లోపముగుండా దొంగలు జొరబడిరి. అది ఓపెన్ సోర్సు కాదు. కాని వారు ప్రవేశించినది ఖాతాదారులు తమ యొద్దనే నడుపుకొనుచుండిన సర్వరులలోనికే. ఆ సర్వరులకు లోబడిన యంత్రములన్నియు ఒక్కమారుగా చిక్కుకొనినవి. స్వీడనులో కూప్ వారి సుమారు 800 దుకాణములు గల్లాపెట్టెలు పనిచేయక మూతపడినవి. సరిదిద్దిన ప్రతి జూలై 11న గాని రాలేదు. సర్వరు సొంత ఇంట నున్నంత మాత్రమున రక్షణ కలుగదనుటకు ఇంతకు మించిన నిదర్శన మక్కరలేదు. సరిదిద్దిన ప్రతి వచ్చిన దినమే దాని నెక్కించువాడొకడు, ఎవరు ఎప్పుడు ప్రవేశించిరో చిట్టా చూచువాడొకడు ఉండవలయును. అట్టివారు లేని చిన్న కార్యాలయము పరాయి సర్వరునే నమ్ముకొనుట మేలు. ఇది కొందరికి రుచింపకపోవచ్చును.

రస్ట్‌డెస్క్ సర్వరు మొదటిసారి నడచినపుడు జంట తాళపుచెవులను తయారుచేయును. ఒకటి ప్రతి యంత్రమునను అమర్చదగినది. రెండవది సర్వరును విడువరానిది. ఆ రెండవది పోయినచో క్రొత్తజంటను చేయించి, నూరు యంత్రములున్న నూరింటను మరల నమర్చవలసి వచ్చును. పరుల చేత పడినచో అంతకంటె ముప్పు. అందుచే దాని నకలును వేరొకచోట, గూఢముగా, బాధ్యతగల ఇరువురే యెరుగునట్లు భద్రపరచుట మొదటి దినమున జరుగవలసిన పని.