చెవిలో హోరుతో కాపురం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి చెప్పే మిత్రులు ఎలాగూ వున్నారు. పైకి కనపడని ఒక జబ్బు గురించి నేను నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను చిత్తూరులో గుమాస్తాగా పనిచేసి 2008లో రిటైరయ్యాను. మూడేళ్లకు ఎడమ చెవిలో కీచురాయి రొద లాంటి హోరు మొదలైంది. తరువాత చెవి బిగేసినట్లు వుండడం, ఇల్లంతా గిర్రున తిరగడం, వాంతులు. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి నాలుగైదు గంటలు. డాక్టరు గారు ఆడియోగ్రాం తీయించి మెనియర్స్ జబ్బు అన్నారు. ఇలాంటి తలతిరుగుడు మెదడు జబ్బు కాదు, లోపలి చెవిది అని 1861లో పారిస్‌లో ప్రాస్పర్ మెనియర్ అనే వైద్యుడు చెప్పాడు. ఆ పేరే నిలిచింది.

లోపలి చెవిలో నత్తగుల్ల లాంటి భాగం వినడానికి, పక్కనే వున్న మూడు వంపు గొట్టాలు మనిషి తూలకుండా నిలవడానికి. వాటిలోని ద్రవం ఎక్కువైతే వినికిడీ, నిలకడా రెండూ చెడతాయి. చెవి నుండి శబ్దం సరిగా అందనప్పుడు మెదడు తానే శబ్దం కల్పించుకుంటుందనీ, అదే హోరు అనీ వైద్యులు చెబుతారు.

కాలు విరిగితే కట్టు కనపడుతుంది. ఇది కనపడదు. ఒక పెళ్లిలో గోడ పట్టుకొని నిలబడితే, పట్టపగలే తాగొచ్చాడన్నారు. ఇంట్లో పిల్లలు "తాతకు వినపడదులే" అని మాట తప్పించేవారు. ఇలాంటివి విని విని మనిషి పెళ్లిళ్లు, సభలు మానేసి గదిలో కూర్చుంటాడు. హోరు మనిషిని చంపదు. ఈ ఒంటరితనం కుంగదీస్తుంది.

ఆఫీసులో ఎన్ని రిమైండర్లు వేసినా క్లోజ్ కాని ఫైళ్లు వుండేవి. వాటిని పెండింగులో పెట్టి మిగతా టప్పాలు చూసుకునేవాళ్లం. హోరు కూడా అలాంటి ఫైలే. రాత్రి నిశ్శబ్దంలో అది పెద్దదవుతుంది కనుక ఫ్యాను, సన్నగా రేడియో పెట్టుకుంటాను. వినికిడి మిషన్ పెట్టుకున్నాక మాటలు వినపడి, హోరు వెనక్కి తగ్గింది.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నాకు డాక్టరు ఇంకా తగ్గించారు. మన జిల్లాలో అప్పడం, ఊరగాయ, ఊరమిరపకాయ లేకుండా అన్నం దిగడం కష్టమే! సంగటిలోకి వూరిబిండి మాత్రం మా ఇల్లాలు ఉప్పు తగ్గించి నూరుతుంది. ఇది అందరికీ ఒకేలా పనిచేయకపోవచ్చు, నాకు తిరుగుడు తగ్గింది. అలిపిరి మెట్లు ఒంటరిగా ఎక్కను. రాత్రి బాత్రూముకు లైటు వేయనిదే వెళ్లను. ఈ వయసులో పడితే తుంటి ఎముకకే ముప్పు.

మిత్రులారా, ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే వారం ఆగవద్దు, వెంటనే వెళ్లండి. తలతిరుగుడుతో పాటు మాట తడబడినా, చెయ్యి కాలు పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు, అది అత్యవసరం. తిరుపతి వాళ్లకు రుయా వుంది, చిత్తూరు వాళ్లకు వేలూరు సి.ఎం.సి. దగ్గర. స్నేహితుడు చెప్పిన మాత్రలు, చెవిలో నూనె చుక్కలు వద్దు.

అమెరికా నుండి 1961లో మొట్టమొదట అంతరిక్షానికి వెళ్లిన అలన్ షెపర్డ్‌కు ఇదే జబ్బు. యాత్రలు మాన్పించి, మనలాగే ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆపరేషన్ తరువాత 1971లో ఆయన చంద్రుడి మీద నడిచాడు. మనం చంద్రుడి దాకా పోనక్కరలేదు, నెలనెలా ఈ మీటింగు దాకా వస్తే చాలు.

కుటుంబ సభ్యులకు ఒక్క విన్నపం. మాతో అరవకండి. ఎదురుగా నిలబడి, మా ముఖం చూసి, నిదానంగా మాట్లాడండి. రెండోసారి అడిగితే విసుక్కోకుండా చెప్పండి. మాకు అంతకు మించిన మందు లేదు.