ఉపద్రవములు - బాలపోషణము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఉపద్రవములలో తల్లిదండ్రులను గోల్పోయిన మనవారి పిల్లలకొఱకు పట్టణమున వసతిగృహము గట్టవలయునను తీర్మానము నేడు సభయెదుట నున్నది. దాతల యౌదార్యము శ్లాఘ్యము. అయినను శంకుస్థాపనకు ముందే మేమొక విషయము విన్నవింపవలసియున్నది.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన యుప్పెన సుమారు 10,000 ప్రాణములను బలిగొనెను. సొర్లగొంది వంటి తీరగ్రామములు తుడిచిపెట్టుకొనిపోయెను. ఒక యింట మరణము సంభవించినచో పొరుగింటివారు బిడ్డను జేరదీసి యన్నము పెట్టుదురు. ఊరంతయు నొక్కరాత్రిలో శోకమున మునిగినచో జేరదీయువా రెవ్వరు? ఓదార్పవలసిన పెద్దలే మ్రాన్పడియుందురు. సామూహికవిపత్తు పిల్లలయెడ విశేషించి క్రూరమగుట కిదియే హేతువు.

పసిబిడ్డలు నేర్చిన మాటలు మఱతురు, పక్క తడుపుదురు. బడియీడువారు గాలిహోరు విన్నంతనే బెదరుదురు. చూచిన ఘోరమునే మరల మరల ఆటగా నాడుదురు. దానికి వారిని దండింపరాదు. 14, 15 ఏండ్లవారి సంగతి వేఱు. వారేడువరు. తమ్ములకు తండ్రులై, చదువు మాని కూలికి బోవుదురు. ‘బుద్ధిమంతుడు’ అని లోకము మెచ్చుకొనును. తరగతిలో అల్లరివాడు వెంటనే కంటబడును గాని, ఇట్టి మౌని పడడు.

1939 సెప్టెంబరులో బాంబులకు వెఱచి యింగ్లండు ప్రభుత్వము లక్షలకొలది పిల్లలను నగరములనుండి పల్లెలకు బంపెను. లండనులో శిశుగృహములు నడిపిన ఆన్నా ఫ్రాయిడు, డొరతీ బర్లింగ్‌హాము అను విదుషీమణులు, తల్లిచెంతనుండి బాంబుల నెదుర్కొన్న పసివారికంటె తల్లిని బాసినవారే యధికముగా గుందిరని 1943లో ప్రకటించిన గ్రంథమున దెలిపిరి. మన దేశపు 2015 నాటి బాలన్యాయచట్టము గూడ పిల్లలను సంస్థలయందుంచుట కడపటి యుపాయమనియే చెప్పుచున్నది.

‘నాథ’ శబ్దమునకు రక్షకుడని యర్థము. అమ్మమ్మయో మేనమామయో జీవించియుండగా నా బిడ్డను ‘అనాథ’ పట్టిక కెక్కించుట శబ్దార్థమునకే విరుద్ధము! ఆ యమ్మమ్మకు లేనిది ప్రేమ గాదు, బియ్యము. కావున సేకరించిన ద్రవ్యమును నెలనెల యట్టి బంధువుల కొసంగుదము. ఊరిబడి కప్పు నెల్లకట్టడములకంటె ముందు వేయింతము. రోజూ గంట మ్రోగుటయే బెదరిన పిల్లలకు గొంత ధైర్యము. ఎవ్వరును మిగులనివారికి మాత్రము వసతిగృహము తప్పదు. అదియు వారి యూరి చేరువనే యుండవలయును; అన్నను చెల్లెలిని విడదీయరాదు.

తీర్మానమున ‘పట్టణమున వసతిగృహము’ అనుచోట ‘బంధుగృహమున పోషణము’ అని మార్పవలయునని సవరణము వ్రాసి కార్యదర్శిగారి కందజేసితిమి.