గల్ఫులో ఉన్నవారి గుండె సంగతి

మన నర్సీపట్నం చుట్టుపక్కల ఇళ్ళనుంచి గల్ఫుకి వెళ్ళినవాళ్ళు ఫోనులో "బాగానే ఉన్నాను" అంటారు. ఛాతీలో నొప్పి వస్తోందని చెబితే పని పోతుందని భయం. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, ఎడమచెయ్యి లాగుతోందా అని మనమే గుచ్చిగుచ్చి అడగాలి.

నొప్పి పట్టుకుని చెమటలు పోస్తుంటే మాత్రం "ఇంటికొచ్చేయండి" అనకూడదు సుమా! విమానం కోసం చూసేలోగా గుండె కండరం దెబ్బతినిపోతుంది. వెంటనే అక్కడి ఆస్పత్రికే వెళ్ళాలి. సౌదీలో 1999 నాటి చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగి ఆరోగ్యబీమా ఖర్చు యజమానిదే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2025 జనవరి నుంచి ప్రైవేటు ఉద్యోగులందరికీ బీమా తప్పనిసరి. ఆ కార్డు ఫొటో మీ దగ్గరా ఉంచుకోండి.

"ప్రవాసీ భారతీయ బీమా ఉందిగా?" అంటారేమో. అందులో వైద్యానికి పరిమితి లక్ష రూపాయలు. బైపాసుకు అది ఏ మూలకి?

ప్రమాదం గడిచి, ప్రయాణం చెయ్యవచ్చని డాక్టరు చెబితే, ఆపరేషను ఇక్కడ చేయించే సంగతి ఆలోచించవచ్చు. బైపాసు తరవాత ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్ళూ బరువులెత్తకూడదు, పక్కన మనిషి ఉండాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. అర్హులకు, పథకంలో చేరిన ఆస్పత్రుల్లో బైపాసు ఉచితం. కనుక రేషను కార్డు, ఆధారు కాగితాలు సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

ఈసారి ఫోనొస్తే డబ్బు సంగతికన్నా ముందు గుండె సంగతి అడగండి. శలవు.