కానరానివారిని అడిగి తెలుసుకుందాం

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!



మదీనాలో దైవప్రవక్త (స) మస్జిద్‌ను ఊడ్చి శుభ్రపరచే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. ఆమె కానరాకపోవడంతో ఆయన ఆమెను గురించి విచారించారు. మరణించిందని అనుచరులు విన్నవించారు. అదేమంత పెద్ద విషయం కాదని భావించి వారు అంతకుముందు ఆయనకు తెలుపలేదు. ఆయన సమాధి చూపమని అడిగి, అక్కడికి వెళ్ళి జనాజా నమాజు చేశారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఈ ఉదంతం ఉంది. మన మధ్య ఎవరు కనిపించడం లేదో విచారించడం ప్రవక్త (స) సంప్రదాయమని దీనివల్ల మనకు బోధపడుతుంది.

నిరుడు మనం మస్జిద్ ఆవరణలో వైద్య శిబిరం ఏర్పాటు చేశాము. వచ్చినవారికి రక్తపోటు, చక్కెర పరీక్షించి తృప్తి చెందాము. ఇళ్ళలో బీడీలు చుట్టే సోదరీమణులు, బీహారు నుండి వచ్చి అద్దెగదుల్లో ఉంటున్న కూలీలు, మంచం పట్టిన వృద్ధులు రాలేదు. ఎందుకు రాలేదని మనం అడుగనూ లేదు.

దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. ఆ సర్వే లెక్కలు జిల్లా వరకు వస్తాయి. మన గల్లీ వరకు రావు. గల్లీ లెక్క గల్లీవారే తీయాలి. అది చదువుకున్నవారికే సాధ్యమనుకోరాదు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో సేవ ప్రారంభించిన ఆరోల్ వైద్య దంపతులు పల్లె స్త్రీలకే శిక్షణ ఇచ్చారు. వారిలో అనేకులు నిరక్షరాస్యులు. తమ ఊరి ఆరోగ్యాన్ని కనిపెట్టి చూసుకోవడం వారే నేర్చుకున్నారు.

కనుక గల్లీకి ఇద్దరు సోదరీమణులు, ఒక యువకుడు ముందుకు రావాలి. ఆశా కార్యకర్త వద్ద కూర్చుని అడిగే తీరు నేర్చుకోవాలి. ఇంట్లో గర్భవతులు ఉన్నారా? పిల్లలకు టీకాలు పడ్డాయా? రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా ఉన్నదా? మందులు మధ్యలో మానినవారు ఎందుకు మానారు? ఉర్దూ, తెలుగు, హిందీ - ఇంటివారి భాషలోనే అడగాలి. ఏ మతస్థుల ఇంటినీ దాటిపోరాదు. దివ్య ఖుర్ఆన్ అన్‌నిసా సూరాలో బంధువైన పొరుగువానితోపాటు అపరిచితుడైన పొరుగువాని హక్కును కూడా పేర్కొన్నది.

సోదరులారా, విన్నది అమానతు. ఒక ఇంటి ఆడపిల్లకు క్షయ ఉన్నదన్న మాట బయటికి పొక్కితే ఆమె పెళ్ళి సంబంధం చెడుతుంది. మరుసటి ఏడు పది ఇళ్ళు తమ దగ్గును దాచుకుంటాయి. పేర్లు గుండెల్లోనే ఉండాలి; మొత్తాలు మాత్రమే మొహల్లా ముందుకు రావాలి. తదుపరి శిబిరం ఏ వేళ, ఎవరి వాకిట జరగాలో ఆ మొత్తాలను చూసి నిర్ణయిద్దాం.

అల్లాహ్ మనకు కానరానివారిని వెతికే దృష్టినీ, విన్నదాన్ని కాపాడే నిజాయితీనీ ప్రసాదించుగాక! ఆమీన్.